వృద్ధశునకమునకు కొల్లాజెన్: ద్రవమా, చూర్ణమా?

నాలుగు మాసముల క్రిందట రాజమహేంద్రవరమునుండి ఒక సోదరీమణి మాకొక లేఖ వ్రాసిరి. వారి యింట 11 ఏండ్ల వయసుగల లాబ్రడారు జాతి కుక్క యొకటి కలదు. పిల్లలు చిన్నవారై యుండగా అది వారి యింటికి వచ్చినది. ఆ పిల్లలిప్పుడు పెద్దవారై చదువులకును ఉద్యోగములకును దూరదేశములకు పోయిరి. కుక్క మాత్రము వాకిట మిగిలినది. ఒకప్పుడు వీధితలుపు చప్పుడైన తోడనే మేడమెట్లు రెండేసి చొప్పున దుమికి వచ్చెడి ఆ జంతువు, ఇప్పుడు మొదటిమెట్టు దగ్గర నిలిచి, పైకి చూచి, మరల వచ్చి తన చాపమీద పండుకొనుచున్నదట.

ఇరుగుపొరుగువారు "కొల్లాజెన్ పెట్టుడు, కీళ్లు బాగుపడును" అని చెప్పగా ఆమె అంగడికి పోయిరి. అచట సీసాలో ద్రవరూపమున నొకటియు, డబ్బాలో పొడిరూపమున నొకటియు చూపిరి. ద్రవమైనచో వెంటనే ఒంటబట్టునని అంగడివాడు చెప్పెను. పొడియే చవుక యని పొరుగింటామె చెప్పిరి. "ఇంటి ఖర్చులో నెలకింతయని దానికొరకు తీసి యుంచగలను గాని, రెండును కొని చూచు స్థితి మాకు లేదు. మా అత్తగారు నిష్ఠాపరురాలు. అందేమి కలిసినదో యని వారికి సందేహము. ఏది కొనవలయునో చెప్పుడు" అని ఆమె మమ్మడిగిరి.

ఈ ప్రశ్న ఒక్క యింటిది కాదు. ఇంటిలో కుక్క ముసలిదైనప్పుడు దానికి అన్నము పెట్టుట, లేవదీయుట, మందు మ్రింగించుట యనునవి తరచుగ గృహిణి పాలబడుచున్నవి. డబ్బు లెక్క చూచుకొనవలసినదియు ఆమెయే. కావున తెలిసిన సంగతులను ఒకచోట చేర్చి సోదరీమణుల కందరకును ఇచట విన్నవించుచున్నాము. సారాంశమును మొదటనే చెప్పుట మంచిది: సీసాకును డబ్బాకును గల భేదము చిన్నది. ఆ రెంటిలో నేది కొనవలయునను ప్రశ్నకు ముందు అడుగవలసిన పెద్ద ప్రశ్నలు కొన్ని కలవు. వానిని మరచి సీసాను చేతబట్టుకొన్నచో, డబ్బు పోవుటయే గాక, నోరులేని జీవి బాధ మరికొన్ని మాసములు కొనసాగును.

కొల్లాజెన్ అననేమి?

జంతుశరీరమున నున్న మాంసకృత్తులలో కొల్లాజెన్ అన్నిటికంటె అధికము. మొత్తములో సుమారు మూడవవంతు ఇదియే. చర్మమునకు బిగువు, ఎముకకు పట్టు, కండను ఎముకకు కట్టివేయు త్రాళ్లకు బలము దీనివలననే కలుగును. కీళ్లలో రెండెముకలు ఒరసికొనకుండ నడుమ మెత్తగా నుండు మృదులాస్థియందును ఇదియే ముఖ్యపదార్థము. కొల్లాజెన్ అను పేరునకు గ్రీకు భాషలో జిగురును పుట్టించునది యని యర్థము. ఆ పేరు మనకు క్రొత్తయైనను ఆ వస్తువు క్రొత్తది కాదు. వడ్రంగులు కాచి వాడుకొనెడి వజ్జరము తోళ్లనుండియు ఎముకలనుండియు తీసిన కొల్లాజెనే. మాంసాహారుల యిండ్లలో మేకకాళ్ల పులుసు రాత్రి మిగిలినచో తెల్లవారునప్పటికి గట్టిపడి వణకుచుండుట చూచుచునే యున్నాము. ఆ గట్టిపాటు ఎముకలనుండి దిగిన కొల్లాజెన్ వలన వచ్చినది.

ఈ పదార్థము నిర్మాణమును గనుగొనుటలో మన దక్షిణదేశమునకును కీర్తి కలదు. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అను శాస్త్రజ్ఞులు కొల్లాజెన్ అణువు మూడు పోగులు కలసి పెనవేసికొన్నదని ప్రకటించిరి. సోదరీమణులకు సులువుగ దెలియవలెనన్న, మూడుపాయల జడవంటిదని చెప్పవచ్చును. ఈ జడ బిగువుగ నున్నంతవరకు నీటిలో కరుగదు. నీటిలో చాలసేపు ఉడికించినచో పాయలు విడిపోవును. అప్పుడది జెలటిన్ అగును. ఆ జెలటిన్‌ను జీర్ణరసముల వంటి ఎంజైములతో ఇంకను చిన్న తునకలుగ కోసినచో, చన్నీటిలో సైతము కరగి గడ్డకట్టక నిలుచు పదార్థము వచ్చును. అంగడిలో డబ్బాలలో అమ్ము కొల్లాజెన్ పొడి సాధారణముగ ఇదియే.

మరి సీసాలోని దేమి? అదే పొడిని కర్మాగారమున నీటిలో కలిపి, చెడిపోకుండుటకు ఏదేని చేర్చి, రుచియు వాసనయు పట్టించి నింపినది. అనగా పొడి మనయింట తడియును, ద్రవము వారియింట తడిసి వచ్చును. ఇంతకుమించిన మూలభేదము లేదు.

ద్రవము త్వరగా ఒంటబట్టునా?

ద్రవము త్వరగా ఒంటబట్టునని అంగడివారు చెప్పెడి మాట వినుటకు నిజమువలె నుండును; గాని యోచించినచో నిలువదు. పొడిని అన్నములో కలిపి పెట్టినను, కుక్క కడుపులోనికి పోవునప్పటికి అది లాలాజలముతోను జఠరరసముతోను తడిసి ద్రవమే యగును. ఆపైన రెంటికిని ఒకే త్రోవ. జీర్ణకోశమున ఆ తునకలు మరింత చిన్నవై రక్తములోనికి చేరును. అవి నేరుగ మోకాటికి పోయి అరిగినచోట అతుకుకొనునని భావింపరాదు. గోడకు కన్నము పడినప్పుడు సున్నము పూసినట్లు కీలునకు కొల్లాజెన్ పూయుట సాధ్యము కాదు. శరీరము తన అవసరమును బట్టి ఆ తునకలను వాడుకొనును.

ఇచట ఒక పాతకథ చెప్పుట యుక్తము. పందొమ్మిదవ శతాబ్దపు మొదటి భాగమున పారిసు నగరములో ఎముకలనుండి తీసిన జెలటినుతో చారు కాచి ఆసుపత్రులయందలి బీదలకు పోసెడివారు. మాంసమునకు బదులుగ అదియే చాలునా యను వివాదము పుట్టినది. ఫ్రెంచి శాస్త్రపరిషత్తు మజాందీ అను వైద్యశాస్త్రజ్ఞుని ఆధిపత్యమున ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము కుక్కలకే జెలటిన్ పెట్టి పరీక్షించి, అది యొక్కటియే ప్రాణమును నిలుపజాలదని 1841లో నివేదించినది. కారణము తరువాతికాలమున తెలిసినది. దేహమునకు ఆహారమునుండియే రావలసిన ఆమినో ఆమ్లములలో ట్రిప్టోఫాన్ అనునది కొల్లాజెనులో బొత్తిగ లేదు. కావున కొల్లాజెన్ ఎంత ఖరీదైనదైనను కుక్కకు భోజనము కాదు. దానిని పెట్టుచున్నామని గ్రుడ్డును మాంసమును తగ్గించుట తప్పు.

మరియొక సంగతి. కొన్ని సీసాలపై విటమిన్ సి చేర్చితిమని గొప్పగ వ్రాసి వెల పెంచుదురు. కొల్లాజెన్ తయారగుటకు ఆ విటమిను అవసరమే. కాని మనుష్యులకు వలె గాక కుక్క తన కాలేయమునందే దానిని తయారుచేసికొనును. ఆరోగ్యముగల కుక్కకు దానికొరకు అదనపు సొమ్ము చెల్లింపనక్కరలేదు.

గుణమెంత?

ఇంతకును ఇది పనిచేయునా యని సోదరీమణులు అడుగుదురు. దాచక చెప్పవలసియున్నది. కీళ్లు అరిగిన కుక్కలకును పిల్లులకును ఇచ్చు ఇట్టి ఆహారద్రవ్యములపై అంతవరకు జరిగిన పరిశోధనలను కూర్చి మాంట్రియల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2022లో ఒక సమీక్షను ప్రకటించిరి. అందు కొల్లాజెన్ గుణము స్వల్పమని తేలినది. చాలమంది కొనెడి గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ అనువానికి గుణము కనబడలేదు. చేపనూనెలో నుండు ఒమేగా-3 కొవ్వులకే తగిన నిదర్శనము కనబడినది. కావున చేతనున్న డబ్బు ఒక్కదానికే చాలినచో, పశువైద్యుని యడిగి తగిన కొలతలో చేపనూనెను ఆలోచించుట వివేకము. చేపనూనె వేరు, కాడ్ చేప కాలేయపునూనె వేరు అని గుర్తుంచుకొనవలయును. రెండవదానిలో ఎ, డి విటమినులు మెండు. అవి మితిమీరినచో కీడగును.

సీసాకును డబ్బాకును చెందని మూడవజాతి కొల్లాజెన్ ఒకటి కలదు. కోడి రొమ్ముటెముక మృదులాస్థినుండి వేడి తగులనీయక తీసినది. ఇందు జడ విడిపోదు. దీనికి రెండవరకపు చెడని కొల్లాజెన్ అని పేరు. ఇది దేహమునకు ముడిసరుకుగ గాక, ప్రేగులలోని రక్షణశక్తికి ఒకవిధమైన పాఠము నేర్పి, కీళ్లపై దాని దాడిని శాంతింపజేయునని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. అందువలననే కుక్కలపై జరిగిన కొన్ని పరీక్షలలో దినమునకు 40 మిల్లీగ్రాములే వాడిరి. పొడిగ వచ్చు మామూలు కొల్లాజెనును గ్రాముల కొలది వాడుదురు. ఈ రెంటిని ఒకదానితో నొకటి పోల్చి "దీనిలో తక్కువ యున్నది" అనుకొనుట పొరపాటు. ఈ మూడవజాతిని మాత్రము వేడి అన్నములో కలుపరాదు. వేడికి దాని జడ విడిపోయి గుణము చెడును. మామూలు పొడికి ఆ భయము లేదు. అది ముందే ఉడికినది.

వెల లెక్క

సీసావెలను డబ్బావెలతో పోల్చుట ఆవుపాలను నీళ్లపాలతో పోల్చుటవంటిది. పోల్చవలసినది లోనున్న కొల్లాజెన్ గ్రాము వెల. ఒక ఉదాహరణము ఊహించుకొందము. 300 మిల్లీలీటర్ల సీసా వెల 900 రూపాయలు. 15 మిల్లీలీటర్ల మోతాదులో 2 గ్రాముల కొల్లాజెన్ ఉన్నదని చీటిపై వ్రాసియున్నది. అప్పుడు సీసాకు 20 మోతాదులు, 40 గ్రాముల కొల్లాజెన్. గ్రాము వెల 22 రూపాయల 50 పైసలు. 200 గ్రాముల పొడిడబ్బా వెల 1,200 రూపాయలు. అందు నూటికి 90 పాళ్లు కొల్లాజెన్. అనగా 180 గ్రాములు. గ్రాము వెల 6 రూపాయల 67 పైసలు. చేతికి డబ్బా ఖరీదైనదిగ తోచినను లెక్కకు సీసాయే మూడురెట్ల కంటె ఎక్కువ ఖరీదు. ఈ అంకెలు ఊహించినవే. మీ యంగడిలోని చీటీలు చూచి ఇదే లెక్క మీరే చేసికొనవలయును. మోతాదులో ఎన్ని గ్రాముల కొల్లాజెన్ ఉన్నదో చీటిపై వ్రాయని సరుకును, అది ద్రవమైనను చూర్ణమైనను, కొనకుండుటయే మేలు.

ఏ యింటికి ఏది తగును?

బరువైన పెద్దకుక్కకు మోతాదు పెద్దది గాన పొడియే అనుకూలము. ప్రయాణములకును, కరెంటు తరచుగ పోవు ఊళ్లకును పొడియే మంచిది. సీసా మూత తీసిన పిదప రిఫ్రిజిరేటరులో నుంచి, చీటిపై చెప్పిన గడువులోపల ముగింపవలయును. లేనియెడల పులిసి చెడును. పొడికి గల శత్రువు తేమ. గోదావరి కృష్ణా తీరములందును సముద్రతీరమందును వర్షకాలమున మూత వదులుగ నున్నచో పొడి ముద్దకట్టును. తడిచెంచా డబ్బాలో పెట్టరాదు. పొయ్యిదగ్గర నుంచరాదు. ముద్దకట్టి రంగుమారినదానిని, వాసన తేడాగ నున్నదానిని పారవేయవలయును.

పమేరియను వంటి చిన్నకుక్కలకు మోతాదు స్వల్పము గాన, కొలతగీతలుగల గొట్టముతో ద్రవమును సరిగ కొలువవచ్చును. పండ్లూడిన ముసలికుక్కకును, అన్నము సరిగ ముట్టని కుక్కకును ద్రవము కొంత సులువు. అయినను గొట్టమును నేరుగ గొంతులోనికి పెట్టి పోయరాదు, పొరబోవును. అన్నముపై పోసి కలుపుటయే క్షేమము. పొడిని పొడిగనే చల్లినచో ముక్కులోనికి పోయి తుమ్మును, లేక గిన్నె అడుగున మిగుల్చును. రెండు చెంచాల గోరువెచ్చని నీటిలో కలిపి, కొంచెము పెరుగన్నముతో చేర్చి మొదట పెట్టి, అది నాకి తినినపిదప తక్కిన అన్నము పెట్టినచో మోతాదు పూర్తిగ పోయినదో లేదో మనకు తెలియును. ఇట్లు చేసినచో పొడియే ద్రవమైనది గదా!

మొదటి దినముననే పూర్తి మోతాదు పెట్టక, పావువంతుతో మొదలిడి వారము దినములలో పెంచవలయును. విరేచనములు, దురద కనబడినచో నిలుపవలయును. మూత్రపిండముల జబ్బుగల కుక్కకు వైద్యుని అనుమతి లేక పెట్టరాదు. ప్రతి గ్రాము కొల్లాజెనుకు సుమారు 4 కేలరీలు కలవు గనుక ఆ మేరకు భోజనము తగ్గించుటయు మరువరాదు.

చీటి చదువుట

కొల్లాజెన్ మొక్కలలో లేదు. అది గోవు చర్మమునుండియో, పందినుండియో, కోడినుండియో, చేప చర్మమునుండియో పొలుసులనుండియో తీయబడును. మొక్కల కొల్లాజెన్ అని అమ్మునవి కొన్నిటిలో కొల్లాజెన్ ఏమియు నుండదు. దానిని పెంచునని చెప్పెడి ఇతర పదార్థములే యుండును. ఏ జంతువునుండి తీసినదో చీటిపై చూచియే కొనవలయును. నిష్ఠగల యిండ్లలో ఈ సంగతి దాచిపెట్టి తెచ్చుటకంటె ముందే చెప్పి, డబ్బాకు వసారాలో వేరుగ చోటు, వేరు చెంచా, వేరు గిన్నె ఏర్పరచుట మర్యాద. కుక్క ఒంటికి కోడిమాంసమో గోమాంసమో పడనియెడల ఆ జంతువునుండి తీసిన కొల్లాజెన్ కూడ పడకపోవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి. మనుష్యులకొరకు చేసిన కొల్లాజెన్, అందును తియ్యని ద్రవములు, తెలియక కుక్కకు పెట్టరాదు. చక్కెరకు బదులు వానిలో జైలిటాల్ అను తీపిపదార్థము కలుపుట కలదు. చీటిపై 967 అను సంఖ్యతోను ఇది కనబడవచ్చును. మనకు హాని చేయనిది కుక్కకు విషము. కిలోగ్రాము బరువునకు 0.1 గ్రాము చాలును, రక్తములోని చక్కెర హఠాత్తుగ పడిపోవుటకు. అంతకు మించినచో కాలేయము చెడును. చాక్లెట్ రుచిగల పొడులలోని కోకో సైతము కుక్కకు విషమే.

ఇంటనే ఎముకల చారు కాచి పోయుదుమనువారు ఉల్లి, వెల్లుల్లి వేయరాదు. అవి కుక్క రక్తకణములను చెరచును. ఉప్పుకారములు వలదు. వడకట్టి, చల్లార్చి, పైన తేలిన కొవ్వును తీసివేసి పోయవలయును. ఉడికిన ఎముకను మాత్రము వేయనే వేయరాదు. అది పెళుసై చీలి గొంతునో ప్రేగునో గ్రుచ్చును.

కొనుటకు ముందు

ఇప్పుడు మేము మొదట చెప్పిన పెద్ద ప్రశ్నలకు వచ్చుచున్నాము. మొదటిది: కుక్క ఏల మెట్లు ఎక్కుట లేదు? "ముసలిది గదా" అని మనము సరిపెట్టుకొందుము. వార్ధక్యము రోగము కాదు. కీళ్లు నొచ్చు కుక్క సాధారణముగ మూల్గదు, ఏడువదు. నిద్రలేచినపుడు మెల్లగ లేచును, నాలుగడుగులు కుంటి తరువాత సర్దుకొనును, షికారులో వెనుకబడును, ఒకే కీలును మాటిమాటికి నాకుకొనును, ఎన్నడును కసరనిది తాకినంతనే కసరును. ఈ గుర్తులు కనబడినచో పశువైద్యునికి చూపవలయును. నొప్పిని తగ్గించు మందులు కుక్కలకు తగినవి ఆయనయొద్ద కలవు. మన యింటి మందులపెట్టెలోని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మాత్రలు జాలితో వేయుట ప్రాణాపాయము. ఎన్ని కొల్లాజెన్ సీసాలైనను నొప్పిమందుకు బదులు కాజాలవు. సీసా తెచ్చితిమి గదా, ఒక నెల చూతమని వైద్యుని వాయిదా వేయుటలోనే నష్టమున్నది.

రెండవది: దాని బరువెంత? 48 లాబ్రడారు పిల్లలను జతలుగ చేసి, జతలో ఒకదానికి రెండవదానికంటె నాలుగవవంతు తక్కువ ఆహారమును జీవితాంతము పెట్టి చూచిన పరిశోధన అమెరికాలో జరిగినది. ఫలితములు 2002లో వెలువడినవి. మితముగ తినినవానిలో సగము 13 ఏండ్లు దాటి బ్రతికినవి. ఎక్కువ తినినవానిలో సగము 11.2 ఏండ్లకే పోయినవి. మితముగ తినినవానికి కీళ్లజబ్బు సైతము ఆలస్యముగ వచ్చినది. ఏ సీసాకును ఏ డబ్బాకును ఇంతటి నిదర్శనము లేదు. అరిగిన కీళ్లుగల స్థూలకాయపు కుక్కల బరువు నూటికి 6 పాళ్లకు మించి తగ్గగా కుంటుట తగ్గినదని 2010లో ప్రకటించిన మరియొక అధ్యయనము చెప్పినది. చేతితో తడిమినచో ప్రక్కటెముకలు తగులవలయును. పైనుండి చూచినచో నడుము సన్నబడి కనబడవలయును. ప్రేమతో నాలుగుసారులు వేయు బిస్కట్టు, పెరుగన్నపు చివరిముద్ద, కొబ్బరిముక్క, ఇవియే కుక్క మోకాళ్లపై మోపిన బరువు.

మూడవది: ఇంటి నేల. ఇప్పటి యిండ్లలో పరచు నున్నని పలకలమీద కీళ్లు నొచ్చు కుక్క కాళ్లు జారి మరింత నొచ్చును. అది తిరుగు త్రోవలో గోనెపట్టాలో పాతచాపలో పరచినచో ఖర్చులేని వైద్యమగును. గోళ్లు పెరుగనీయరాదు. దినమునకు ఒక పెద్ద షికారుకంటె రెండుమూడు చిన్న షికారులు మేలు.

పరీక్షించి చూచుట

ఇవన్నియు చేసిన పిదప కొల్లాజెన్ కూడ వాడదలచినచో వాడవచ్చును; తగు మోతాదున అది సాధారణముగ హాని చేయదు. కాని గుణము తెలియుటకు ఒకసారి ఒక్కటియే మార్చవలయును. పెట్టుటకు ముందు కుక్క నడకను, లేచుటను ఫోనుతో చిత్రము తీసి యుంచుకొనుడు. ఒక పుస్తకములో వారమునకొకసారి మూడు సంగతులు వ్రాయుడు: లేచుటకు ఎంతసేపు పట్టెను, ఎంతదూరము తానై నడచెను, ఏ పనికి జంకెను. ఎనిమిది వారముల తరువాత తిరిగి చిత్రము తీసి రెంటిని పోల్చుడు. మన కన్నును మనము నమ్మరాదు. కుంటెడి కుక్కలకు గుణములేని ఉత్తమాత్ర ఇచ్చినపుడు, వానిని నడిపించి అడుగు బరువును కొలుచు యంత్రము మార్పు లేదని చూపినను, యజమానులును వైద్యులును మేలైనదని చెప్పుట కలదని 2012లో ఒక పరిశీలన చూపినది. ప్రేమ గలవారికి మేలు కనబడుట సహజము. ఎనిమిది వారములకును మార్పు లేనిచో ఆ డబ్బును మంచి ఆహారమునకో వైద్యునికో మరలించుడు.

ఈ సంగతులనే మేమా సోదరీమణికి జాబు వ్రాసితిమి. మొన్న వారి రెండవలేఖ వచ్చినది. వైద్యుడు చూచి తుంటికీళ్లు అరిగినవని చెప్పి నొప్పిమందు వ్రాసెను. కుక్క 41 కిలోలు తూగెను, ఇప్పుడు 38. కొల్లాజెన్ కూడ కొనిరి. చేపనుండి తీసిన పొడి, లెక్క చూచి. అది ఎంతమేలు చేసినదో తాము చెప్పలేమని యథార్థముగ వ్రాసిరి. ఆ యథార్థత మాకు సంతోషము కలిగించినది. అత్తగారు డబ్బా వసారాలో నుండుటకు సమ్మతించుటయే గాక, హాలునుండి వంటయింటి గుమ్మమువరకు గోనెపట్టాలు తామే కుట్టి పరపించిరట.

కుక్క మేడమెట్లు ఎక్కుచున్నదా యని సోదరీమణులు అడుగుదురు. ఎక్కుటలేదు. లేఖ చివర ఆమె వ్రాసిన మాట ఇది: "అది మెట్లెక్కి మాయొద్దకు రాలేకపోయినది గనుక, మా మంచములే క్రిందిగదిలోనికి దింపుకొంటిమి. రాత్రి మేము దీపమార్పగానే అది తోక నేలకు కొట్టెడి చప్పుడు వినవచ్చుచున్నది."

సీసాయైనను డబ్బాయైనను ఇంతకంటె మంచి మందు ఇయ్యజాలదని మా నమ్మకము.